ఆవిరిలో దాగిన అగ్ని

అగ్ని మానవునికి మిత్రమే. కాని ఏమరుపాటును అది సహించదు. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తకోట సమీపాన, పాలెం వద్ద బెంగళూరు నుండి హైదరాబాదు వస్తున్న ఒక ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొన్నది. ఇంధనపు ట్యాంకు పగిలి మంటలు చెలరేగగా 45 మంది అసువులు బాశారు.

నిజానికి డీజిలు సులభంగా అంటుకొనే ద్రవం కాదు. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితేనే దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకొంటుంది. దీనినే ఫ్లాష్ పాయింట్ అంటారు. అటువంటి డీజిలే ఇంతటి ఘోరాన్ని కలిగించినప్పుడు, ప్రయోగశాలలోని ద్రవాల మాటేమిటి? ఇథనాల్‌కు 13 డిగ్రీలు, మిథనాల్‌కు 11 డిగ్రీలు చాలు. నల్లగొండ, పాలమూరు సీమలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలపు పగటివేళ సైతం తరగతి గది ఇంతకంటె వెచ్చగానే ఉంటుంది. కనుక సీసా మూత తీసిన ప్రతిసారీ మండడానికి సిద్ధమైన ఆవిరి వెలువడుతుంది. మండేది ద్రవం కాదు, కంటికి కనిపించని ఆ ఆవిరి.

2014 సెప్టెంబరు 15న అమెరికాలోని డెన్వర్ నగరంలో ఒక ఉపాధ్యాయుడు మిథనాల్ మంటను ప్రదర్శిస్తూ, అది ఆశించినంతగా లేదని 4 లీటర్ల సీసా నుండి మరికొంత పోశాడు. మంట సీసాలోకి ప్రాకి, 12 అడుగుల దూరం జ్వాలగా ఎగజిమ్మింది. ఎదుటనున్న విద్యార్థి తీవ్రంగా గాయపడ్డాడు. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు. ఆరిందనుకోవడంలోనే ప్రమాదమున్నది.

కావలసిన కొద్దిపాటి ద్రవాన్ని తీసుకొని, సీసాకు మూత బిగించి, దానిని దూరంగా తరలించిన పిదపనే నిప్పు వెలిగించాలి. వెలుగుతున్న స్పిరిట్ దీపంలో స్పిరిట్ పోయరాదు. లోహాల జ్వాలావర్ణాలను చూపడానికి మిథనాల్ అక్కరలేదు. లవణ ద్రావణంలో తడిపిన పుల్లను బర్నరు మంటలో ఉంచితే సోడియం పసుపుగా, రాగి ఆకుపచ్చగా దర్శనమిస్తాయి. దుస్తులకు నిప్పంటుకొంటే పరుగెత్తరాదు, నేలపై దొర్లాలి. కాలిన చోటును 20 నిమిషాలు చల్లని నీటి ధార క్రింద ఉంచి, వైద్యుని ఆశ్రయించాలి.

విద్యార్థులారా! "సార్, సీసా మూత బిగించారా?" అని వినయంగా అడగడం అవిధేయత కాదు. ఆ ఒక్క ప్రశ్న ఒక నిండు ప్రాణాన్ని కాపాడవచ్చు.