భర్త బాకీ, భార్య హక్కు: అమెరికాలో పన్ను వాపసు గురించి ఒక పాఠం

భార్య సంపాదన భార్యదే. దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 32వ ఆయత్ నుంచి మనం నేర్చుకున్న పాఠం ఇది. భర్త అప్పు తీర్చే బాధ్యత షరీఅత్ ఆమెపై పెట్టలేదు. అయితే అమెరికాలో ఉద్యోగం చేసే మన ఆడపిల్లలు, కోడళ్లు తెలియక ఈ హక్కును పోగొట్టుకునే సందర్భం ఒకటుంది.

అక్కడ భార్యాభర్తలు కలిసి ఒకే పన్ను రిటర్ను వేయవచ్చు. ఎక్కువ కట్టిన పన్ను ఇద్దరి పేరిట వాపసు వస్తుంది. భర్తకు పాత పన్ను బాకీ, పిల్లల పోషణ బాకీ, కేంద్ర ప్రభుత్వ విద్యారుణం వంటివి ఉంటే, ప్రభుత్వం ఆ వాపసును బాకీ కింద జమ కట్టుకోవచ్చు. బ్యాంకు క్రెడిట్ కార్డు అప్పుకు ఈ పద్ధతి వర్తించదు.

ఒక లెక్క చూద్దాం. ఉమ్మడి వాపసు 4,000 డాలర్లు. అందులో భార్య వాటా 2,500 అనుకుందాం. భర్తకు మొదటి పెళ్లి తాలూకు పిల్లల పోషణ బాకీ 6,000 ఉంది. భార్య ఊరుకుంటే మొత్తం 4,000 పోవచ్చు. ఆ బిడ్డ హక్కు నిజమే, కానీ అది తండ్రి సొమ్ములోంచి తీరాలి.

దీనికి మార్గం 8379 నంబరు ఫారం. ఆ బాకీకి భార్య చట్టరీత్యా బాధ్యురాలు కాకూడదు. ఆమె జీతంలో పన్ను కోత పడి ఉండాలి, లేదా వాపసు ఇచ్చే పన్ను రాయితీ ఆమెకు వర్తించాలి. ఫారాన్ని రిటర్నుతో పాటే పంపవచ్చు. వాపసు పోయిన తర్వాత విడిగానూ పంపవచ్చు. ఆన్‌లైన్‌లో రిటర్నుతో పంపితే దాదాపు 11 వారాలు, కాగితంపై అయితే 14 వారాలు, తర్వాత విడిగా పంపితే 8 వారాలు పడుతుంది. సాధారణంగా రిటర్ను గడువు తేదీ నుంచి 3 సంవత్సరాల లోపు వేయాలి. ఏ ఏటి వాపసుకు ఆ ఏడే మళ్లీ వేయాలి.

రెండు జాగ్రత్తలు. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి 9 రాష్ట్రాల్లో దంపతుల ఆస్తిని ఉమ్మడిగా చూసే చట్టం ఉంది. అక్కడ వాటా లెక్క వేరు. అలాగే 8857 నంబరు ఫారం వేరే పనికి: ఉమ్మడి రిటర్నులో భర్త తప్పు లెక్కలు చూపినందువల్ల పడిన పన్ను నుంచి భార్య విముక్తి కోరేది అది.

ఇది భర్తకు ఎదురు తిరగడం కాదు. హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) తన సొమ్మును భర్తకు ఇవ్వవచ్చా అని అడిగినప్పుడు, అందుకు రెండు పుణ్యాలున్నాయని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఆమె తెలిసి, ఇష్టపడి ఇచ్చే సొమ్ము అది. చెప్పకుండా పోయిన సొమ్ము సదఖా కాదు. జకాత్ లెక్క కట్టే ముందు ఎవరి సొమ్ము ఎంతో తేల్చుకోవడం మనందరి బాధ్యత. అమెరికాలోని మన పిల్లలకు ఈ ఫారం నంబరు తప్పక చెబుదాం.