కొంకిపురుగు: డెల్టా పల్లెల్లో చేయవలసినవి, చేయకూడనివి

మట్టి ద్వారా సోకే పేగు పురుగుల ముప్పు మన దేశంలో 1–14 ఏళ్ళ పిల్లల్లో సుమారు 24 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. అయితే ఆ మాత్ర ప్రధానంగా 19 ఏళ్ళ లోపు వారికే. తోటపనికి, కూలికి వెళ్ళే అమ్మానాన్నల సంగతి ఎవరూ అడగరు. ఆ పేగు పురుగుల్లో ఒకటైన కొంకిపురుగు (హుక్‌వర్మ్) మాత్రం పెద్దల్నీ వదలదు.

సెంటీమీటరు పొడవుండే ఈ పురుగు చిన్నపేగు గోడను కరిచిపట్టి రక్తం తాగుతుంది. మలంతో నేలన పడిన గుడ్లు తడి మట్టిలో పొదిగి, వారం పది రోజుల్లో లార్వాలు తయారై, చెప్పుల్లేని పాదంలోంచి ఒంట్లోకి దూరతాయి. నీళ్ళు నిలిచిన వరిమడి కంటే కొబ్బరి, అరటి తోటల నీడ, లంకల్లోని కూరగాయ మళ్ళ వదులు మట్టి వీటికి బాగా అనువు.

చేయవలసినవి

• తోటలోకి, చేలగట్ల మీదికి చెప్పులో బూట్లో వేసుకునే వెళ్ళండి.
• కాలివేళ్ళ సందుల్లో దురద, పొక్కులు, ఆ తర్వాత కొన్ని వారాలకు నీరసం, ఆయాసం, కనురెప్ప లోపల పాలిపోవడం కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రక్తంతోపాటు మలం కూడా పరీక్ష చేయించుకోండి.
• మలాన్ని మూత్రం, నీళ్ళు కలవకుండా శుభ్రమైన డబ్బాలో పట్టి, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌లో ఇవ్వండి. రోజంతా ఉంచేస్తే గుడ్లు పొదిగి, ఏ పురుగో పోల్చుకోవడం కష్టమవుతుంది.
• పురుగులు తక్కువగా ఉంటే ఒక్క పరీక్షకు దొరక్కపోవచ్చు. డాక్టరు అడిగితే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వండి.
• రాత్రిళ్ళు పిల్లలకు మలద్వారం దగ్గర దురద పెడితే అది కొంకిపురుగు కాక నులిపురుగు కావచ్చు. దాని గుడ్లు మలంలో అరుదుగా కనిపిస్తాయి. పొద్దున లేవగానే, కడగకముందే అక్కడ టేపు అంటించి తీసే పరీక్ష గురించి అడగండి.
• బడిలో ఇచ్చిన మాత్రను పిల్లలు నమిలి మింగేలా చూడండి. మరీ చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్ళలో కలిపి పట్టండి.

చేయకూడనివి

• నీరసాన్ని ‘ఊడ్పుల అలసట’ అని తోసేయకండి.
• ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోకండి. లోపల పురుగు తాగుతూనే ఉంటే మాత్రలతో పెరిగిన రక్తం నిలవదు.
• తోటల్లో, కాలువగట్ల మీద బహిర్దేశానికి కూర్చోకండి. సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని పంటబోదెలోకి వదలకండి.
• మలపరీక్షకు ముందు ఆముదం తాగకండి, సొంతంగా యాంటీబయాటిక్స్ వాడకండి. ఫలితం తారుమారవుతుంది.
• గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డాక్టరు చెప్పకుండా పురుగుల మందు వేసుకోకండి.
• జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజు మాత్ర వేయకండి, తగ్గాక ఇప్పించండి.
• ఒకసారి మందు వేసుకున్నాం కదా అని ఊరుకోకండి. మట్టిలో లార్వాలుంటే మళ్ళీ సోకుతుంది.

ఇంట్లో ఒకరికి కొంకిపురుగు ఉందని తేలితే, వారితో కలిసి తోటలో పనిచేసే వాళ్ళందరికీ చెప్పండి. ఆశా కార్యకర్తకు కబురు చేసి అందరికీ పరీక్ష అడగండి. కూలిపని చేసే ఆడవాళ్ళ రక్తహీనతను మామూలే అనుకునే అలవాటు మన ఊళ్ళలో ఇకనైనా పోవాలి.