ముఖమున తిమ్మిరి, స్పర్శలోపము - కారణములు

చెంప మొద్దుబారినదన్నను, ముఖమున చీమలు ప్రాకినట్లున్నదన్నను గ్రామములలో తరచుగా వినవచ్చు సమాధానము "గాలి సోకినది" అనియే. ఒకరు తాయెత్తు కట్టుదురు. వేరొకరు పసరు పూయుదురు. పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు గాని, ఏ తిమ్మిరికి గంటలు లెక్కింపవలెనో, దేనికి అక్కరలేదో తెలిసియుండుట అవసరమని మా అభిప్రాయము.

ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చు నరము ప్రక్కకొకటి చొప్పున గలదు. అది మూడు శాఖలై నుదుటికి, చెంపకు, దవుడకు వ్యాపించును. ముఖకండరములను కదలించు నరము వేరు. కనుక చెంప మొద్దుబారుట ఒకటి, మూతి వంకరపోవుట మరియొకటి. రెండును కలిసియు రావచ్చును.

ఉన్నట్టుండి ముఖము ఒక ప్రక్క మొద్దుబారి, మూతి జారి, చేయి పట్టుతప్పి, మాట తడబడినచో అది పక్షవాతమని యెంచవలెను. వీనిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను చాలును. మెదడులోని రక్తనాళము మూసికొనిపోవుటయో, చిట్లుటయో దీనికి కారణము. గడ్డకట్టిన రక్తమును కరగించు మందును లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను, అదియును సి.టి. స్కాను తీసి, రక్తస్రావము లేదని తేలిన పిమ్మటనే. ఊరినుండి స్కాను గల ఆసుపత్రి ఎంత దూరమో లెక్కించినచో మిగులు కాలమెంతయో తెలియును. వెంటనే 108కి ఫోను చేసి, లక్షణములు మొదలైన వేళను వ్రాసి పంపవలెను. నోటిలో నీరుగాని పసరుగాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కొన్ని నిమిషములలో తగ్గినను ఊరకుండరాదు. పెద్ద దాడికి అది ముందు హెచ్చరిక కావచ్చును.

కుష్ఠువ్యాధి నెమ్మదిగా వచ్చునది. చర్మముపై పాలిపోయిన మచ్చగాని, ఎఱ్ఱని మచ్చగాని ఏర్పడి, దానిని దూదితో తాకినను తెలియకున్నచో ఈ వ్యాధిని అనుమానింపవలెను. ముఖముపై మచ్చ విషయమున ఆలస్యము తగదు. నరము దెబ్బతిని రెప్ప మూతపడకపోయినచో తుదకు చూపే పోవచ్చును. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైననాడు డాప్సోన్ మాత్రలను సంవత్సరముల తరబడి మ్రింగవలసియుండెను. ఇప్పటి బహుళౌషధ చికిత్స వ్యాధి స్థాయినిబట్టి 6 లేక 12 మాసములు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. చికిత్స మొదలైన కొలది దినములకే ఇతరులకు సోకుట నిలిచిపోవును. వైద్యము సులభమైనది గాని, సిగ్గు తగ్గలేదు. ఈ వ్యాధిని విడాకులకు కారణముగా చూపరాదని 2019లో పార్లమెంటు చట్టమే చేసినది. మచ్చ గలవానిని నలుగురిలో నిలదీయక, ఆశా కార్యకర్తతో చెప్పి చాటున పంపుట మేలు.

ప్రత్తి చేలలో సైపర్‌మెత్రిన్ వంటి పురుగుమందులు చల్లినవారికి కొన్ని గంటలలో ముఖము చురచురలాడి తిమ్మిరి పట్టుట గలదు. మందంటిన చేతితో చెమట తుడుచుకొనుట దీనికొక హేతువు. సాధారణముగా ఒక దినములో తగ్గును. వాంతులు, చొంగ, కండరముల అదురు తోడైనచో మాత్రము మందు డబ్బాతో సహా ఆసుపత్రికి పంపవలెను.

ముఖమున ఒక ప్రక్కనే మంట పుట్టి పొక్కులు లేచినచో అది సర్పి కావచ్చును. కంటి దాపున వచ్చినచో ఆనాడే వైద్యునికి చూపవలెను. మధుమేహము, బి12 విటమిను లోపము కూడ నరములను మొద్దుబార్చును. ఇవి రక్తపరీక్షలో తేలును. పన్ను తీయుటకిచ్చిన సూదివలన కలిగిన తిమ్మిరి కొన్ని గంటలలో దానంతట అదియే పోవును. మరునాటికిని పోకున్నచో పండ్ల వైద్యునికి తెలుపవలెను.