తిన్నది నెత్తురు కావాలంటే

కలుపు తీస్తుంటే కళ్ళు తిరుగుతాయి. నీళ్ళ బిందె ఎత్తుకుని నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. పొద్దున్నే నీరసం. "పని ఎక్కువైంది, అంతే" అని సరిపెట్టుకుంటారు చాలామంది ఆడవాళ్ళు. అది ఒట్టి అలసట కాకపోవచ్చు. రక్తహీనత కావచ్చు.

2019-21లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు 10 మందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని తేలింది.

నెత్తురుకు ఎర్ర రంగు ఇచ్చేది హిమోగ్లోబిన్. మనం పీల్చిన ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది ఇదే. ఇది తయారు కావాలంటే ఇనుము కావాలి. ఇనుము తగ్గితే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. మనిషి పాలిపోతుంది. గర్భిణికి ఇది మరీ ప్రమాదం. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. కాన్పులో నెత్తురు ఎక్కువ పోతే తల్లి ప్రాణానికే ముప్పు.

ఆడవాళ్ళకు నెలనెలా నెత్తురు పోతుంది. కాన్పులో పోతుంది. కడుపులో కొంకి పురుగులు ఉంటే అవీ తాగుతాయి. ఇక తిండి చూస్తే, ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె వంతు. మరి నెత్తురు ఎలా పడుతుంది?

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళు ఇదే మాట్లాడుకున్నారు.

"మేం ఆకుకూరలు తింటూనే ఉన్నాం గదా నర్సమ్మా! అయినా నెత్తురు లేదంటారేం?" అని అడిగింది ఒకామె.

"అన్నం తిన్నాక ఏం చేస్తావు?" అంది నర్సమ్మ.

"ఏముంది? ఇంత టీ నీళ్ళు తాగి పనిలోకి పోతా."

"అక్కడే ఉంది తంటా" అంది నర్సమ్మ.

టీకి వగరు ఇచ్చే పదార్థం పేరు టానిన్. ఇది తిండిలోని ఇనుమును పట్టేసుకుంటుంది. పేగులను పీల్చుకోనివ్వదు. ఆ ఇనుము ఒంటికి పట్టకుండా మలంతో బయటికి పోతుంది. కాఫీతోనూ ఇదే చిక్కు. టీ మానేయక్కర్లేదు. తిండికి గంట ముందో, గంట తర్వాతో తాగితే చాలు.

ఇనుముకు అడ్డుపడేవి ఉన్నట్టే సాయపడేవీ ఉన్నాయి. నిమ్మ, జామ, ఉసిరి కాయల్లో సి విటమిన్ ఉంటుంది. ఇది ఇనుమును పేగులు తేలిగ్గా పీల్చుకునేటట్లు మారుస్తుంది. జామకాయలో ఈ విటమిన్ నారింజలో కన్నా ఎక్కువ. జామకాయ పెరట్లోనే దొరుకుతుంది. నారింజకు డబ్బులు పెట్టాలి.

సి విటమిన్ వేడికి తగ్గిపోతుంది. అందుకే నిమ్మకాయను ఉడికే కూరలో పిండకూడదు. దించి, వడ్డించుకున్నాక పిండుకోవాలి.

తోటకూర, మునగాకు, సజ్జలు, రాగులు, ఉలవలు, పెసలు, నువ్వులు – వీటిలో ఇనుము ఉంది. పెసలు మొలక కట్టి తింటే ఇనుము ఇంకా బాగా పడుతుంది. మాంసం, చేపల్లో ఉండే ఇనుము ఇంకా తేలిగ్గా ఒంటికి పడుతుంది.

"అయితే మాత్రలు మానేసి మునగాకు తింటే సరిపోదా?" అంది నిండు చూలాలు ఒకామె.

"చాలదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు తిండిలో ఇనుము ఒక్కటే సరిపోదు. మాత్రా వేసుకోవాలి, మంచి తిండీ తినాలి. మాత్ర టీతో కాదు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. మలం నల్లగా వస్తే భయపడకు. అది మాత్ర వల్లే" అంది నర్సమ్మ.

వెనక కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "ఇదంతా సరే. ముందు దాని కంచంలో కూర పడాలిగా! రేపట్నుంచి మా కోడలు నాతోపాటే కూర్చుని తింటది."

అందరూ నవ్వారు. కానీ ఆ మాట అందరికీ తగిలింది.

చేసి చూడండి

1. కింది కనురెప్పను లాగి అద్దంలో చూసుకోండి. లోపల పాలిపోయి ఉంటే ఆరోగ్య కేంద్రంలో నెత్తురు పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు.
2. ఆకుకూర తిన్న రోజు నిమ్మకాయ పిండుకోండి, లేదా ఒక జామకాయ తినండి.
3. దొడ్డికి, పొలానికి చెప్పులు వేసుకునే వెళ్ళండి. కొంకి పురుగు పాదాల గుండా ఒంట్లోకి వస్తుంది.

చర్చించండి

మీ ఇంట్లో చివరగా తినేది ఎవరు? అప్పటికి కూర ఎంత మిగులుతుంది?