మరదలికి కూడా సెలవు రావాలె

తమ్మీ,

పోస్టాఫీసు కొలువు నుంచి దిగినంక ఈ చలికాలం మరదల్ని తీసుకొని కారవాన్‌లో భద్రాచలం దాకా తిరిగొస్తనని చెప్పినవు. మనసు నిండింది. అమెరికాలో పిల్లల దగ్గరికి పోయినప్పుడు తెల్లజుట్టు మొగుడుపెండ్లాలు అసుంటి బండ్లు నడుపుకుంట పోవుడు చూసినవు కదా, వాళ్లు కెనడా మంచుకు తాళలేక ఫ్లోరిడా, అరిజోనా దిక్కు దిగేవాళ్లు. మన లెక్క వేరు. ఎండకాలం ఆ రేకు డబ్బాలో ఏసీ లేనిది కన్ను మూతపడదు, రాత్రంత ఏసీ నడవాలంటే బండి బ్యాటరీ చాలదు. కార్తీకం దాటినంక ఆ బాధ ఉండదు. కాలం మంచిదే ఎంచుకున్నవు.

కిరాయికి మాట్లాడిన బండి ఫొటోలు చూసిన. మంచాలు, సింకు, రెండు పొయ్యిల గట్టు, పోపుడబ్బాకు అర. ఆ గట్టు గురించే ఈ ఉత్తరం.

మీ బావ, నేను ఒక చలికాలం రామప్పకు పోయినం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినంక బడిపిల్లల బస్సులు వరుస కడుతున్నయి. చూరు కింది నల్లరాతి మదనికలను నిమ్మళంగ చూడాలంటే పొద్దుగాలనే పోవాలె. మేము పోయేసరికి కర్ణాటక నంబరు కారవాన్ ఒకటి ఆగి ఉన్నది. పెద్దాయన కెమెరా మెడలో వేసుకొని లోపలికి పోయిండు. ఆమె బండి మెట్టు మీద కూర్చొని, సగం బకెట్ నీళ్లతో రాత్రి కుక్కరు తోముతున్నది. అడుగంటిన మెతుకులు గోటితో గీకుతున్నది. బళ్లారి దిక్కు మనిషట, తెలుగు మంచిగ వచ్చు. గుడి చూసినవా అమ్మా అని అడిగితే, మధ్యాహ్నానికి బియ్యం పెట్టి పోతనన్నది. మేము అంత తిరిగి వచ్చేటప్పటికి బస్సులు నిండినయి, ఆమె ఇంక బెండకాయలు కోస్తనే ఉన్నది.

తమ్మీ, నీకు అరవై నిండినయి, ఆర్డరు కాయిదం వచ్చింది, పింఛను వస్తది. మరదలికి అసుంటి కాయిదం ఎవరూ ఇయ్యలేదు. పెండ్లయిన నాటి నుంచి నీ డ్యూటీ టైముకు అన్నం డబ్బా కట్టింది. ఇప్పుడు అదే వంటిల్లు, ఇంక ఇరుకు చేసి, నీళ్లు తక్కువ చేసి చక్రాల మీద పెట్టి తీసుకపోతే ఆమెకు ప్రయాణం ఎట్ల అవుతది? బండిలో చాయ్, పాలు, పొద్దున గోళీలు వేసుకునే ముందు ఇంత ఉప్మా, అంతవరకే. అది నువ్వే చెయ్యి. పగటి బువ్వ ఏ ఊరి మెస్‌లోనన్న తినుండ్రి. సకినాలు, గారెలు మన వాడకట్టులో చేసి అమ్మేవాళ్లకు నేను చెప్పిపెడుత.

బండిలో గ్యాసు పొయ్యి వద్దనేటందుకు ఇంకో కారణం ఉన్నది. చలికి తలుపులన్నీ బిగించుకుంటరు. లోపల పొయ్యి గాని కుంపటి గాని, పక్కనే జనరేటరు గాని నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతది. దానికి వాసన ఉండదు, నిద్రలనే ప్రాణం తీస్తది. కరెంటు పొయ్యి ఒక్కటి చాలు. కిటికీ రెండు వేళ్లంత తీసి పండుకోండ్రి.

తొవ్వ సంగతి. హుస్నాబాద్, ఎల్కతుర్తి మీదుగ హన్మకొండ పోండ్రి. కోతల కాలం, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటయి. మాపటికి కుప్ప చేసి, నల్ల కవరు కప్పి చుట్టూ బండరాళ్లు పెడ్తరు. చీకట్ల ఆ రాళ్లు కానరావు, ఎందరో బండ్ల మీదికెళ్లి పడ్డరు. లైట్లు లేని ట్రాక్టర్లు, పక్కలకు ఉబ్బిన పత్తి లారీలు వేరే. మంచు విడిచినంక తొమ్మిదింటికి కదులు, ఐదింటిలోపు ఆగు. రోజుకు వంద కిలోమీటర్లు చాలా ఎక్కువ అనుకో. పండుకునేది హరిత హోటలు ఆవరణలోనో, మనుషులు మసిలే పెట్రోలు బంకులోనో. ముందుగాల అడిగి ఆపు.

బండిలో మరుగుదొడ్డి ఉన్నదని సంబరపడ్డవు గాని, దాని ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తవు? అమెరికాలో దానికి ప్రత్యేకం జాగలుంటయి, ఇక్కడ వెతుక్కోవాలె. సెప్టిక్ ట్యాంకు ఉన్న లాడ్జి వాళ్లను అడిగి, పైసలిచ్చి పొయ్యి. లక్నవరం చెరువు దగ్గరనో, జంపన్నవాగులనో ఒక్క చుక్క పడ్డా నేను ఊరుకోను. ఆ నీళ్లలో జనం తానాలు చేస్తరు.

మేడారం జాతర రెండేండ్లకోసారి మాఘంలో. జాతర రోజుల్లో ఆ బండితోని తాడ్వాయి దిక్కు పోకు, ఎక్కడనో ఆపేస్తరు. అప్పుడైతే ఆర్టీసీ బస్సే నయం, అమ్మవార్ల గద్దెల దగ్గరిదాకా పోతది. కొమురెల్లి మల్లన్న మన జిల్లానే, సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర ఉంటది, వచ్చినంక పోదాం.

మరదలు మంగపేట దగ్గరి మల్లూరు నరసింహస్వామిని చూడాలని ఎప్పటినుంచో అంటున్నది. భద్రాచలం పోయే తొవ్వలనే కదా, ఆమె మెట్లెక్కి దిగినంతసేపు తొందర పెట్టకు. ఎక్కడ ఎన్ని దినాలు ఉండాలెనో ఆమెనే చెప్పనియ్యి. ముందటి సీటు ఆమెది.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినంకనే బయలెల్లు. ఎందరి పింఛను పనులో చేసిపెట్టినవు, నీది మరువకు. బండికి బయానా ఇచ్చేముందు మరదల్ని తీసుకపోయి ఆ మంచం మీద పండుకోబెట్టి చూడు. మోకాళ్ల నొప్పితో రాత్రి దిగుడు ఎక్కుడు అయితదో లేదో ఆమెనే చెప్పాలె. ఇంటి తాళం నాకిచ్చి పోండ్రి, పాలాయనకు నేను చెప్త.

మీ అక్క,
సిద్దిపేట