పార్ట్స్ షాపు మూతపడితే మన పని ఆగకూడదు

మీ పేటలో ఎలక్ట్రానిక్ పార్ట్స్ షాపు మూతపడిందా, లేదా నేడో రేపో మూతపడేలా ఉందా? టీవీలు, ఇన్వర్టర్లు, ఇండక్షన్ స్టవ్‌లు, ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికేవాళ్లకీ, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లకీ, కాలేజీ ల్యాబులు చూసేవాళ్లకీ ఇది నేరుగా జేబుకి తగిలే విషయం. బాధ ఉంటుంది. కానీ మనం బాధపడుతూ కూర్చుంటే టేబుల్ మీద సెట్లు పేరుకుపోతాయి, ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందుకే ఇక్కడ పని సంగతే మాట్లాడుకుందాం.

మూసేసిన షాపు మళ్లీ తెరుస్తారని ఎదురుచూడకండి. పాత కలర్ టీవీల కాలంలో ఈహెచ్‌టీ, హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్, వర్టికల్ ఐసీ తరచూ పోయేవి. చిన్న షాపుల గల్లాపెట్టె నిండింది వాటితోనే. ఇప్పటి టీవీలో ఒక మెయిన్ బోర్డు, ఒక ప్యానెల్, వెనకాల ఎల్ఈడీ పట్టీలు ఉంటాయి. ప్యానెల్ పోతే దాని ఖర్చు కొత్త టీవీ ధర దగ్గరికి వెళ్తుంది. బోర్డు మీద పార్టులు బియ్యపు గింజ కన్నా చిన్నవైపోయాయి. వాటిని విడిగా డబ్బాల్లో పోసి అమ్మితే లాభం మిగలదు. మిగిలిన కాస్త బేరం ఫోన్లో ఆర్డర్లకి పోయింది. ఇది మన ఊరికే వచ్చిన కష్టం కూడా కాదు. అమెరికాలో 1921లో మొదలైన రేడియోషాక్ 2015లో దివాలా తీసింది. బ్రిటన్‌లో మాప్లిన్ 2018లో, అమెరికాలోనే ఫ్రైస్ 2021లో మూతపడ్డాయి. మన దగ్గర కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్ లాంటి పెద్ద మార్కెట్లు నడుస్తున్నాయి. దెబ్బ తగులుతున్నది కాలనీల్లో, చిన్న పట్టణాల్లో ఒంటరిగా ఉన్న షాపులకి.

ఆ షాపు మనకి పార్టు ఒక్కటే అమ్మలేదన్న సంగతి గుర్తించాలి. తన డబ్బు పెట్టి సరుకు నిల్వ ఉంచింది. డూప్లికేట్ వస్తే మాట పడి మరీ మార్చి ఇచ్చింది. ఒరిజినల్ దొరకనప్పుడు దానికి బదులు ఏది వేయొచ్చో చెప్పింది. నెలాఖరు దాకా ఖాతా రాసుకుంది. ఇప్పుడు ఈ పనులన్నీ మన నెత్తిన పడ్డాయి. చాలామంది వీటిని చేస్తున్నారు కానీ వీటి ఖర్చు లెక్కలో వేయడం లేదు. నెలంతా పని చేసినా చేతిలో డబ్బు ఎందుకు మిగలడం లేదో తెలియనివాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

నిల్వతో మొదలుపెడదాం. 15 రూపాయల కెపాసిటర్ ఒక్కటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కొరియర్ 70 అనుకోండి, అది 85 రూపాయల కెపాసిటర్ అయింది. అదే ఇరవై తెప్పిస్తే సరుకు 300, కొరియర్ 70, ఒక్కొక్కటి 18 రూపాయల 50 పైసలు పడుతుంది. ఇది అందరికీ తెలిసిన లెక్కే. తప్పు జరిగేది తర్వాతి అడుగులో. చవక కదా అని కనబడినవన్నీ వందల్లో తెచ్చి పెట్టుకుంటారు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వాడకుండా ఏళ్ల తరబడి పెడితే లోపల గుణం తగ్గుతుంది, లీకేజీ పెరుగుతుంది. రెండేళ్లలో ఖర్చవని సరుకు కొనకండి. గత ఆరు నెలల జాబ్ కార్డులు తీసి ఏ పార్టు ఎన్నిసార్లు వేశారో రాయండి. ఎక్కువమందికి పది పదిహేను రకాల పార్టులే రోజూ కావలసి వస్తాయి. అవి మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఏ డబ్బాలోనైనా సరుకు సగానికి తగ్గితే ఆ వారమే ఆర్డర్ పెట్టాలి, అయిపోయాక కాదు. జాబ్ కార్డులే రాయడం లేదంటే ఈ రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి. అవి లేకుండా మిగతా సలహాలేవీ పనికిరావు.

పక్క వీధుల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లతో కలిసి నెలకొక ఆర్డర్ పెట్టడం మంచి పద్ధతి. పోటీదారుడితో ఎలా కలుస్తామని మొహమాటపడొద్దు. కానీ డబ్బు ముందే వసూలు చేయండి, ఎవరి సరుకు ఎంతో కాగితం మీద ఉండాలి. ఇలాంటి జట్లు చెడేది ఎక్కువగా వంద, రెండు వందల రూపాయల బాకీల దగ్గరే.

అసలు కష్టం ఈక్వలెంట్ల దగ్గర వస్తుంది. డయోడ్ అడిగితే కౌంటర్ మీద పెద్దాయన "ఎక్కడ వేస్తున్నావు బాబూ?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఇప్పుడు మీకు మీరే వేసుకోవాలి. 1ఎన్4007, యూఎఫ్4007 పక్కపక్కన పెట్టి చూడండి. అదే నల్లటి ఒళ్లు, అదే వెండి గీత, రెండూ 1000 వోల్టులు, ఒక ఆంపియర్. కానీ యూఎఫ్4007 డెబ్బై అయిదు నానో సెకన్లలో ఆగిపోతుంది. 1ఎన్4007కి ఆ హామీ లేదు, అది 50 హెర్ట్జ్ మెయిన్స్ కోసం చేసింది. ఎస్‌ఎంపీఎస్‌లో ఫాస్ట్ డయోడ్ ఉన్నచోట 1ఎన్4007 వేస్తే సెట్టు ఆన్ అవుతుంది, కస్టమర్ డబ్బిచ్చి తీసుకెళ్తాడు, కాసేపటికి డయోడ్ కాలి పవర్ ఐసీని కూడా తీసుకుపోతుంది. రెండోసారి వచ్చిన సెట్టుకి మీరు డబ్బు అడగలేరు.

ట్రాన్సిస్టర్లలో కాళ్ల వరస చూడకుండా వేయడం ఇంకో తప్పు. చదును వైపు మనవైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్ ఉంటాయి. సీ1815కి ఎమిటర్, కలెక్టర్, బేస్. ఒకదాని బదులు ఇంకోటి వేయొచ్చు, కాళ్లు తిప్పి వేస్తేనే. మెయిన్స్ లైనుకి అడ్డంగా ఉండే ఎక్స్2 కెపాసిటర్ దగ్గర మాత్రం ఏ రాజీ వద్దు. దాని బదులు మామూలు 400 వోల్టుల డీసీ కెపాసిటర్ వేస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత షార్టై మంట అంటుకునే ప్రమాదం ఉంది. పార్టు దొరకకపోతే సెట్టు ఆపండి కానీ అది వేసి ఇవ్వకండి. ఎస్‌ఎంపీఎస్‌లో వేడి తగిలే చోట 105 డిగ్రీల కెపాసిటర్ బదులు 85 డిగ్రీలది వేయొద్దు. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

దీనికి మందు డేటాషీట్ చదవడం. ఇంగ్లిష్ రాదని వెనకాడకండి. మొదటి పేజీలో వోల్టేజీ, కరెంటు, వేగం, కాళ్ల బొమ్మ చూడటం వస్తే మన పనికి చాలావరకు సరిపోతుంది. నలభై పేజీలూ చదవమని ఎవరూ అడగరు.

నకిలీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే కాబట్టి. ఆడియో ఆంప్లిఫయర్లలో వేసే సీ5200, ఏ1943 జతకి నకిలీలు ఎప్పటినుంచో ఉన్నాయి. పైన తోషిబా ప్రింటు, కాగితం మీద 230 వోల్టులు, 15 ఆంపియర్లు. లోపల చిప్పు మాత్రం చిన్నది. ఇంట్లో తక్కువ సౌండుతో టెస్ట్ చేస్తే బాగానే పాడుతుంది, పెళ్లి ఊరేగింపులో పూర్తి లోడు పడగానే పోతుంది. పాత బోర్డుల్లోంచి పీకి, కాళ్లకి సీసం పూసి, కొత్త ప్రింటు వేసి అమ్మే ఐసీలు ఇంకో రకం.

వచ్చిన సరుకుని వచ్చిన రోజే టెస్ట్ చేయండి. కాంపోనెంట్ టెస్టర్ ఇప్పుడు మన అందుబాటు ధరలోనే దొరుకుతోంది. ఇన్వర్టర్లో వేసే ఐఆర్ఎఫ్3205 మోస్‌ఫెట్‌ని అందులో పెడితే గేట్ కెపాసిటెన్స్ చూపిస్తుంది. డేటాషీట్ ప్రకారం అది మూడు నానోఫ్యారడ్‌లకి పైన ఉండాలి, మన చిన్న టెస్టర్లో ఇంకాస్త ఎక్కువే చూపాలి. ఒక నానోఫ్యారడ్ దగ్గర చూపిస్తే లోపల చిప్పు చిన్నది, 110 ఆంపియర్ల పార్టు అది కాదు. కొత్త మోస్‌ఫెట్‌కి ఈ కొలత తీసి, పాత బోర్డు మీద బాగున్న ఒరిజినల్‌తో పోల్చండి. కెపాసిటర్ అయితే విలువతో పాటు ఈఎస్‌ఆర్ చూడండి. పెద్ద డబ్బాలో చిన్న కెపాసిటర్ పెట్టి అమ్మడం మామూలైంది, అందుకని చేతిలో పట్టుకుని బరువు కూడా చూడండి. ప్యాకెట్ తెరిచేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి. రిటర్న్ గడువు దాటాక ఎవరూ వినరు.

ఒక కేసు చూద్దాం. ఇండక్షన్ స్టవ్ వచ్చింది, ఫ్యూజు పోయింది, ఐజీబీటీ షార్ట్. ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన ఐజీబీటీ తెప్పించి వేశారు, స్విచ్ వేయగానే ఢామ్మంది. తప్పు పార్టుదే అనుకుని మళ్లీ తెప్పించారు, అదీ పోయింది. పార్టు నకిలీ అయి ఉండొచ్చు. కానీ కాయిల్ పక్కనున్న 0.3 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ విలువ పడిపోయినా, గేట్ డ్రైవర్‌కి 18 వోల్టులు సరిగ్గా అందకపోయినా ఒరిజినల్ ఐజీబీటీ కూడా పోతుంది. షాపు పక్కనే ఉన్న రోజుల్లో రెండు మూడు పార్టులు కాల్చినా గంటలో మళ్లీ తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్కో పొరపాటు వారం రోజుల ఆలస్యం. అందుకని ఐజీబీటీ పెట్టకముందే ఆ కెపాసిటర్, డ్రైవర్ సప్లై చెక్ చేయండి. పెట్టాక మొదటిసారి వంద వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలిగితే ఆపేయండి, పార్టు దక్కుతుంది. పార్టు దొరకడం కష్టమైన కొద్దీ ఫాల్ట్ వెతకడానికి ఎక్కువ సమయం పెట్టాలి.

టీవీ ఎల్ఈడీ పట్టీలు, టీ-కాన్ బోర్డులు తెప్పించేటప్పుడు టీవీ మోడల్ నంబరు చూసి ఆర్డర్ పెట్టకండి. ఒకే మోడల్‌లో వేర్వేరు ప్యానెళ్లు వస్తాయి. వెనక కవరు విప్పి ప్యానెల్ నంబరు, పట్టీ మీది నంబరు ఫోటో తీయండి. ఒక్కో పట్టీలో ఎన్ని ఎల్ఈడీలు, అవి 3 వోల్టులవా 6 వోల్టులవా చూసి ఆ తర్వాత కొనండి.

ఖరీదైన మెషీన్లకి, మెడికల్ పరికరాలకి, ఫ్యాక్టరీ డ్రైవులకి పార్టులు డిజికీ, మౌజర్, ఎలిమెంట్14 లాంటి అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే తెప్పించండి. చిన్న ఆర్డర్‌కి షిప్పింగ్ బరువే, కానీ లైన్ ఆగితే గంటకి పోయే డబ్బు ముందు అది లెక్కలోకి రాదు. మేనేజర్‌కి ఆ తేడా అంకెల్లో రాసి చూపించండి. పార్టు తయారీ నిలిపివేస్తామని కంపెనీ నోటీసు ఇచ్చిందేమో ఏడాదికోసారైనా చూసుకోవాలి. చివరి కొనుగోలు గడువు దాటాక ఆ పార్టు బ్రోకర్ల దగ్గర, వాళ్లు చెప్పిన రేటుకే దొరుకుతుంది.

ఇక డబ్బు సంగతి. పార్టు తెప్పించాలంటే అడ్వాన్స్ లేకుండా ఆర్డర్ పెట్టకండి. చెకింగ్ చార్జి విడిగా, పార్టు ధర విడిగా, లేబర్ విడిగా రాసివ్వండి. "రెండ్రోజుల్లో ఇస్తా" అని అలవాటుగా అనకండి. పార్టు అయిదు రోజుల్లో వస్తుందనుకుంటే ఎనిమిది చెప్పండి. ఆలస్యానికి కోపం తెచ్చుకోని కస్టమర్ కూడా మాట తప్పితే తిరిగి రాడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ప్రతి పార్టుకీ జీఎస్టీ బిల్లు అడగండి, లేకపోతే క్రెడిట్ పోతుంది. ఒకప్పుడు షాపు ఇచ్చిన ఖాతా ఇప్పుడు లేదు కాబట్టి, ఒక నెల పార్టుల డబ్బు విడిగా పక్కన ఉండాలి. అది ఇంటి ఖర్చులో కలిసిపోతే తర్వాతి ఆర్డర్ ఆగిపోతుంది. కంపెనీ సర్వీస్ మాన్యువల్, స్పేర్ పార్టుల వివరాల కోసం వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్ చూడండి. కావలసినవన్నీ అక్కడ ఉంటాయని మాత్రం ఆశపెట్టుకోకండి.

పార్ట్స్ షాపు కౌంటర్ మీద పనిచేసి ఇప్పుడు ఉద్యోగం పోయే స్థితిలో ఉన్నవాళ్లకి ఒక మాట. రెజ్యూమేలో "సేల్స్‌మన్, పదేళ్ల అనుభవం" అని రాసి వదిలేయకండి. నంబరు చూడగానే పార్టు చెప్పడం, ఈక్వలెంట్ వెతకడం, నకిలీ పట్టడం, సప్లయర్‌తో రేటు తెగ్గొట్టడం మీకు వచ్చు. ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీల స్టోర్స్, పర్చేజ్, ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్ విభాగాలకి కావలసింది అదే. శ్రీసిటీ, తిరుపతి, హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటి ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఎక్సెల్, డేటాషీట్ చదవడం, స్టాటిక్ తగలకుండా పార్టులు పట్టుకునే పద్ధతి, ఈ మూడూ నేర్చుకుని వెళ్లండి. మొదట జీతం తక్కువే చెప్తారు. ఏ రకం పార్టులు, ఎన్ని రకాలు, ఎంతమంది కస్టమర్లకి చూశారో కాగితం మీద చూపిస్తే బేరం చేయడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మీ ఊళ్లో పార్ట్స్ షాపు ఇంకా తెరిచే ఉంటే, ఆన్‌లైన్‌లో రెండు మూడు రూపాయలు తక్కువని దాన్ని వదిలేయకండి. మీకు రోజూ కావలసిన పదిహేను పార్టుల జాబితా ఆ యజమానికి రాసివ్వండి, ప్రతి నెలా ఇన్ని తప్పకుండా కొంటానని చెప్పండి, చెప్పినట్టు కొనండి. నికరంగా అమ్ముడయ్యే సరుకు ఏదో తెలిస్తే ఆయన దాన్ని తెప్పిస్తాడు, మీకు పార్టు అదే రోజు చేతికొస్తుంది.