ఇంటి జ్ఞాపకాల్లో విశ్వాస పాఠాలు

ప్రశ్న: నానమ్మ జీవితంలోని సంఘటనల నుంచి పిల్లలకు క్రైస్తవ విశ్వాసం నేర్పడం ఎలా?
– ఒక పాఠకురాలు, ఖైరతాబాద్

జవాబు: కుటుంబ జ్ఞాపకాలతో విశ్వాసం నేర్పే పద్ధతి బైబిల్లోనే ఉంది. ఇంట్లో కూర్చున్నా, దారిన నడుస్తున్నా పిల్లలకు దేవుని మాటలు చెప్పాలని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం ఆదేశిస్తుంది. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాశాడు. తెలుగు ఇళ్లలో కుటుంబ ప్రార్థన, పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు ఈ వారసత్వాన్ని నిలిపాయి.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి. తర్వాత దానికి తగిన వాక్యం చదవాలి. ఆపై పిల్లల ప్రశ్నలు వినాలి. అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న పిల్లలకైతే ఫోన్‌లో ఇదే క్రమం సరిపోతుంది. కష్టాలను మాత్రం దేవుడి శిక్షగా చెప్పకూడదు. పుట్టు గుడ్డివాని విషయంలో యేసు ఆ వాదాన్ని తోసిపుచ్చాడు (యోహాను 9).